సముద్రం దాటిన పచారీ కొట్టు

జర్మనీలోని రామ్‌స్టైన్ వైమానిక స్థావరంలో ఒక అమెరికన్ సైనికుడి భార్య పిల్లాడికి బూట్లు, ఇంట్లోకి సబ్బులు కొన్నదనుకోండి. బిల్లు 49 డాలర్ల 98 సెంట్లయింది. యాభై డాలర్ల నోటు ఇస్తే ఆమెకు రెండు సెంట్ల చిల్లర తిరిగి రాదు. అదే బిల్లు 49.97 అయితే మాత్రం 49.95 పుచ్చుకుని పంపేస్తారు. ఆ కొట్టు గల్లాపెట్టెలో ఒక సెంటు నాణెం ఉండదు. నగదు లెక్క ఏదైనా దగ్గర్లో ఉన్న ఐదు సెంట్లకు సర్దేయడమే. విదేశాల్లోని అమెరికా సైనిక దుకాణాల్లో 1980 నుంచీ ఇదే పద్ధతి. అమెరికా టంకశాల సెంటు నాణేల తయారీని ఆపింది మొన్న మొన్న, 2025 నవంబరులో. సైనికుల కొట్లు ఆ నాణేన్ని నలభై అయిదేళ్ల ముందే పక్కన పెట్టేశాయి.

కారణం చాలా మామూలుది. నాణేలు బరువు. బస్తాలకెత్తి సముద్రం దాటిస్తే, మోసిన కూలి నాణెం విలువను మించిపోతుంది. 2001 చివర్లో అఫ్గానిస్తాన్ యుద్ధం మొదలయ్యాక ఇది ఇంకో మెట్టెక్కింది. అక్కడి శిబిరాల కొట్లకు ఐదు, పది, పాతిక సెంట్ల నాణేలు పంపడం కూడా దండగే అనిపించి, వాటి బదులు గుండ్రటి అట్టబిళ్లలు అచ్చువేశారు. మీద విమానాలు, సైనికుల బొమ్మలు. సైనికులు వాటిని ‘పాగ్‌లు’ అన్నారు. చట్టం లెక్కలో అవి డబ్బు కావు, కొట్టువాళ్లు ఇచ్చే బహుమతి చీటీలు. సైనికుడి జేబులో మాత్రం డబ్బే.

పైస విలువ చేసే నాణేనికే ఇంత లెక్కుంటే, పిల్లలు పొద్దున్నే తినే కార్న్‌ఫ్లేక్స్ డబ్బా మాటేమిటి? టెక్సస్‌లో ఏ ధరకు దొరుకుతుందో జర్మనీలోనూ, జపాన్‌లోనూ, కొరియాలోనూ సైనిక కుటుంబానికి దాదాపు అదే ధరకు దొరుకుతుంది. డబ్బా మధ్యలో మహాసముద్రం దాటింది. ఆ ఖర్చు బిల్లులో కనబడదు. మరి ఎవరి జేబులోంచి పోయింది?

అది తేలాలంటే ముందు కొట్ల సంగతి తెలియాలి. మనకు ‘మిలిటరీ క్యాంటీన్’ అంటే ఒక్కటే. సీఎస్‌డీ క్యాంటీన్‌లో సబ్బు, ప్రెషర్ కుక్కర్, మందు సీసా, అన్నీ ఒకే చూరు కింద ఉంటాయి. సైన్యంలో చేరినవాళ్లు ఎక్కువగా ఉన్న, పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లకు ఆ క్యాంటీన్ కార్డు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. అమెరికావాళ్లు దాన్ని రెండుగా విడగొట్టారు. ఉప్పూ పప్పూ మాంసం కూరగాయలు దొరికేది ‘కమిసరీ’. తక్కినవన్నీ, అంటే బట్టలు, టీవీలు, ఆటబొమ్మలు, మంచాలు, పెట్రోలు, క్షవరం, బర్గర్లు దొరికేది ‘ఎక్స్ఛేంజ్’. ఆర్మీవాళ్లు దీన్ని పీఎక్స్ అంటారు, వైమానిక దళంవాళ్లు బీఎక్స్ అంటారు. ఈ రెండు దళాలకూ కలిపి డాలస్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న సంస్థ ఒక్కటే. నౌకాదళానికీ మెరీన్లకూ వేరే ఎక్స్ఛేంజ్‌లున్నాయి. కమిసరీలు మాత్రం అన్ని దళాలకూ కలిపి 1991 అక్టోబరు 1 నుంచి ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి.

ఇలా రెండుగా ఉండటానికి కారణం చరిత్రే. అమెరికా అంతర్యుద్ధంలో పటాలాల వెనకే బళ్లు కట్టుకుని తిరిగిన ప్రైవేటు వర్తకులుండేవారు. వాళ్లని సట్లర్లు అనేవారు. పొగాకు, ఊరగాయ, బిస్కెట్టు, దారం, సూది, ఏది కావాలన్నా సిపాయికి వాళ్లే దిక్కు. ఇంకో కొట్టు లేనిచోట ధర ఎలా ఉంటుందో మనకు తెలిసిందే. అప్పుకింద సొంత బిళ్లలు కూడా అచ్చేసుకుని ఇచ్చేవారు, అవి వాళ్ల దగ్గరే చెల్లుతాయి. గొడవ ముదిరి 1866లో అమెరికా కాంగ్రెస్ ఆ వ్యవస్థనే రద్దు చేసింది. మరుసటి ఏడాది నుంచి సైన్యం గిడ్డంగిలోని తిండి సరుకులను అసలు ధరకే కొనుక్కునే హక్కు మామూలు సిపాయికీ వచ్చింది. కమిసరీకి వేరు అది. తిండికాని సరుకుల కోసం 1895 జూలై 25న ప్రతి సైనిక స్థావరంలోనూ ఒక ఎక్స్ఛేంజ్ పెట్టమని యుద్ధ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. సట్లర్ల బిళ్లలు పోయిన నూట ముప్పై అయిదేళ్లకు అఫ్గాన్ శిబిరాల్లో అట్టబిళ్లలు రావడం ఒక తమాషా. ఈసారి వాటిని ఇచ్చింది సర్కారు కొట్టే.

చాలాకాలం ఇవి మగవాళ్ల కొట్లు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1946 ఏప్రిల్‌లో సైనికుల భార్యాపిల్లలతో మొదటి ఓడ జర్మనీలోని బ్రెమర్‌హాఫెన్ రేవుకు చేరింది. అప్పటినుంచి పాలడబ్బాలు, పాఠశాల సంచీలు, గౌన్లు, క్రిస్మస్ చెట్టు దీపాలు ఓడలెక్కాయి. సిగరెట్లూ షేవింగ్ బ్లేడ్లూ అమ్మిన అంగడి ఊరి బజారుగా మారింది. ఇవాళ రామ్‌స్టైన్ చుట్టుపక్కల కైజర్స్‌లౌటర్న్ ప్రాంతంలో అమెరికన్లు యాభై వేల దాకా ఉంటారు. వాళ్ల కోసం 2009లో తెరిచిన దుకాణ సముదాయం ఎక్స్ఛేంజ్ కొట్లన్నిటిలోకీ పెద్దది. అందులో సినిమా హాలు, భోజనశాలలు, 350 గదుల హోటలు ఉన్నాయి. దాన్ని కట్టడంలో ఏళ్ల తరబడి ఆలస్యం, కారే పైకప్పు, పెరిగిన ఖర్చు చూసి కాంగ్రెస్ తరఫు ఆడిటర్లు దుమ్మెత్తిపోశారు. సర్కారు కట్టడాల తీరు ఏ దేశంలోనైనా ఒకటే కాబోలు.

ఇక కార్న్‌ఫ్లేక్స్ డబ్బా దగ్గరికి వద్దాం. కమిసరీ లాభం కోసం నడిచేది కాదు. చాలాకాలం పాటు చట్టం ప్రకారం కొన్న ధరకే అమ్మాల్సి ఉండేది. చివర్లో బిల్లు మీద 5 శాతం అదనంగా వేస్తారు. వంద డాలర్ల వెచ్చాలకు నూట ఐదు. ఆ అయిదు డాలర్లు కొట్లు కట్టడానికీ బాగుచేయడానికీ పోతాయి. అంటే భవనం ఖర్చు కొనేవాళ్లదే. అమ్మకపు పన్ను ఉండదు. సిబ్బంది జీతాలూ, సరుకును సముద్రం దాటించే రవాణా ఖర్చూ మాత్రం అమెరికా ఖజానా భరిస్తుంది. ఏటా వంద కోట్ల డాలర్లకు పైమాటే. ఆ డబ్బాను ఓడెక్కించింది, టెక్సస్‌లోనో ఒహాయోలోనో పన్ను కట్టిన మామూలు మనిషి. ఆ మనిషి ఆ కొట్టు గుమ్మం కూడా తొక్కలేడు.

ఎక్స్ఛేంజ్ లెక్క వేరు. అది మామూలు వ్యాపారంలాగే లాభం వేసుకుంటుంది, తన సిబ్బందికి చాలామటుకు తన సంపాదనలోంచే జీతాలిస్తుంది. మిగిలిన లాభంలో పెద్ద వాటా స్థావరంలోని వ్యాయామశాలలు, ఈతకొలనులు, యువజన కేంద్రాలు, గ్రంథాలయాల వంటి వాటికి పోతుంది. సైనికుడు టీవీ కొంటే వాళ్ల పిల్లలు ఈదే కొలనుకు నీళ్లొస్తాయన్నమాట. అయినా ఎక్స్ఛేంజ్ పూర్తిగా తన కాళ్లమీద నిలబడిందని చెప్పలేం. విదేశాలకు సరుకు మోసే ఖర్చులో ఇక్కడా సర్కారు చెయ్యి ఉంది. ఇది దాచిపెట్టిన రహస్యమేమీ కాదు, బడ్జెట్ కాగితాల్లో ఉన్న విషయమే. ‘పన్ను కట్టేవాడి మీద భారం లేదు’ అని ఎవరైనా గొప్పగా చెప్పినప్పుడు మాత్రం ఇది గుర్తు చేసుకోవాలి.

కొన్నిటిని ఓడెక్కించడం అసలు కుదరదు. మెత్తటి అమెరికన్ బ్రెడ్డు అట్లాంటిక్ దాటేలోపు బూజు పడుతుంది. జర్మనీలో బ్రెడ్డుకు కొదవ లేదు, కానీ అది గట్టిది, పుల్లటిది. అమెరికా పిల్లలు ఎరిగిన బ్రెడ్డు అది కాదు. అందుకని గ్రూన్‌స్టాట్ పట్టణంలో ఎక్స్ఛేంజ్ తన సొంత బేకరీయే పెట్టుకుంది. రొట్టెలకు పేరుపడ్డ దేశంలో కూర్చుని మెత్తటి అమెరికన్ బ్రెడ్డు కాల్చే ఆ బేకరీ నాకు మాత్రం ఈ కథంతటికీ గుర్తుగా కనిపిస్తుంది. ఇల్లు వదిలి వచ్చినవాళ్లకు నోటిరుచి ఎంత ముఖ్యమో డాలస్‌లోనో డెట్రాయిట్‌లోనో ఆవకాయ డబ్బా కోసం వెతుక్కునే మనవాళ్లకు వేరే చెప్పాలా!

కొన్న సరుకు సంచీల్లోకి సర్ది కారుదాకా మోసేవాళ్ల ముచ్చట కూడా ఇక్కడే చెప్పాలి. కమిసరీలో వాళ్లకు జీతం లేదు, కొన్నవాళ్లు ఇచ్చే టిప్పే ఆదాయం. సర్కారు కొట్టులో, సర్కారు లెక్కలన్నిటి మధ్యా, ఈ ఒక్క పనీ అలా మిగిలిపోయింది.

కొట్టు ఉన్నది పరాయి గడ్డ మీద కదా, అక్కడి ప్రభుత్వం ఎలా ఒప్పుకుంది? దానికి ఒప్పందాలున్నాయి. నాటో దేశాల్లోని సైన్యాల హోదా గురించి 1951లో లండన్‌లో ఒకటి, జర్మనీతో ప్రత్యేకంగా 1959లో ఇంకొకటి, జపాన్‌తో 1960లో, దక్షిణ కొరియాతో 1966లో. వీటి సారాంశం ఏమిటంటే, అమెరికా సైన్యం తన మనుషుల కోసం సరుకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, పన్ను లేకుండా అమ్ముకోవచ్చు. అయితే అది ఆ మనుషుల ఇళ్లలోనే ఖర్చు కావాలి. బయటి బజారుకు రాకూడదు. వస్తే ఆ దేశపు ఖజానాకు పన్ను పోతుంది, ఆ దేశపు వర్తకుడికి బేరం పోతుంది.

అందుకే గుమ్మం దగ్గర గుర్తింపు కార్డు అడుగుతారు. కొట్టులో పనిచేసే జర్మన్ ఉద్యోగిని రోజంతా ఆ సరుకును లెక్కపెడుతుంది, సాయంత్రం తన ఇంటికి కావలసినవి ఊళ్లో కొట్టులోనే కొనుక్కుంటుంది. అమెరికాలో 2020 నుంచి యుద్ధంలో గాయపడ్డ, సేవవల్ల అంగవైకల్యం వచ్చిన మాజీ సైనికులకు ఈ కొట్ల తలుపులు తెరిచారు. అదే మాజీ సైనికుడు జర్మనీలో కాపురముంటే ఆ హక్కు అలాగే అతనితో రాదు. అక్కడ అమెరికా చట్టం మాట ఒక్కటే సరిపోదు, ఆ దేశం మాట కూడా కావాలి.

జర్మనీలో కొన్ని సరుకులకు రేషన్ కార్డు కూడా ఉంది. సిగరెట్లు, మద్యం సరే. మూడోది కాఫీ. ఇదేమిటని ఆశ్చర్యపోవచ్చు. జర్మనీలో కాఫీ మీద ప్రత్యేకంగా ఒక పన్ను ఉంది, వేయించిన గింజలైతే కిలోకు 2.19 యూరోలు. ఆ పన్ను లేని కాఫీపొడి పొట్లం గోడ దాటితే లాభమే కదా. పెట్రోలుకూ అంతే. పన్ను లేని ధరకు నెలకు ఇంత అని కోటా ఉంటుంది.

ఊళ్లో కొనుక్కోవడానికి కూడా ఒక వెసులుబాటుంది. జర్మనీలో సోఫానో సైకిలో కొనాలనుకున్న అమెరికన్ కుటుంబం ముందుగా స్థావరంలోని పన్ను కార్యాలయంలో ఒక ఫారం కొనుక్కుంటుంది. దాన్ని కొట్టువాడికిస్తే 19 శాతం విలువ ఆధారిత పన్ను పోతుంది. 2,500 యూరోల లోపు సరుకుకు ఒక ఫారం, అంతకు మించితే ఇంకోటి. చిక్కేమిటంటే కొట్టువాడు దాన్ని పుచ్చుకుని తీరాలనే నిబంధన లేదు. కొందరు కాగితాల బాధెందుకని వద్దంటారు.

సంసారం చేసేవాళ్లకు తెలిసే చిన్న చిన్న ఇబ్బందులు వేరే. ఆదివారం జర్మన్ ఊళ్లో దాదాపు కొట్లన్నీ మూతే. పాలు మరిచిపోతే గోడ లోపలి కొట్టే శరణ్యం. అమెరికా నుంచి తెచ్చుకున్న మిక్సీ 120 వోల్టులది, గోడలోంచి వచ్చే కరెంటు 230. ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, లేదా అక్కడి సామాను కొని బదిలీ వచ్చినప్పుడు తర్వాత వచ్చేవాళ్లకు అమ్మేసిపోవాలి. ఈ కుటుంబాలు రెండు మూడేళ్లకోసారి ఊరు మారతాయి. పిల్లాడికి ఊరు, బడి, స్నేహితులు అన్నీ మారినా, కొట్టులో బిస్కెట్ల అర మాత్రం పాత ఊళ్లో ఉన్నట్టే ఉంటుంది. ఎక్స్ఛేంజ్ నడిపే బడిభోజనం కూడా అదే రుచి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, తల్లులకు అది చిన్నది కాదు.

డాలరు విలువ పడిపోయినప్పుడు ఊళ్లో కొనేవన్నీ భారమవుతాయి. దానికోసం జీవన వ్యయ భత్యం ఒకటి ఇస్తారు. అది ఎంత ఉండాలో తేల్చడానికి కుటుంబాలు ఏది ఎక్కడ కొంటున్నాయో సర్వే చేస్తారు. ఇక్కడొక మెలిక ఉంది. అందరూ అన్నీ కమిసరీలోనే చవగ్గా కొంటున్నామని రాస్తే భత్యం తగ్గుతుంది. ఊళ్లో కొంటున్నామంటే పెరుగుతుంది. అంటే కమిసరీ చవకదనం జీతంలో ఒక భాగమే, కాకపోతే చేతికి రాదు, చీటీలో రాసి ఉండదు.

దీన్ని జీతంగా చూడాలా, వ్యాపారంగా చూడాలా అన్నదే వాషింగ్టన్‌లో ఏళ్లుగా నడుస్తున్న వాదు. వ్యాపారంగా చూసేవాళ్లు రెండు కొట్లెందుకు, కలిపేయండి అన్నారు. 2015లో సైనికుల జీతభత్యాల మీద వేసిన కమిషన్ కూడా కమిసరీలనూ ఎక్స్ఛేంజ్‌లనూ ఒకే సంస్థగా చేయమనే సిఫారసు చేసింది. అది జరగలేదు. చిన్న మార్పులు మాత్రం వచ్చాయి. కొన్న ధరకే అమ్మాలనే నిబంధన సడలింది, కమిసరీ తన సొంత పేరుతో సరుకులు మొదలుపెట్టింది, సగటున బయటికంటే 25 శాతం చవగ్గా ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. నన్నడిగితే అమెరికా లోపలి కొట్ల విషయంలో ఈ వాదులో పస ఉంది. కంచె అవతలే వాల్‌మార్ట్ ఉన్నచోట ఖజానా డబ్బుతో ఉప్పూ పప్పూ అమ్మడం ఎందుకని అడగొచ్చు. విదేశాల్లో ఆ ప్రశ్నకు కాళ్లు లేవు. అక్కడ లాభం చూసే ఏ కంపెనీ ఒక చిన్న స్థావరానికి ఓడలో పాలడబ్బాలు పంపుతుంది? 2013 అక్టోబరులో ప్రభుత్వ కార్యాలయాలు మూతపడినప్పుడు అమెరికాలోని కమిసరీలను మూశారు. విదేశాల్లోవి తెరిచే ఉంచారు. తేడా సర్కారుకూ తెలుసు.

తపాలా సంగతి ఒక్క మాటలో. ఈ కుటుంబాలకు జర్మనీలో ఉన్నా, జపాన్‌లో ఉన్నా అమెరికా చిరునామాయే ఉంటుంది. రాష్ట్రం పేరు ఉండాల్సినచోట ఐరోపా వైపు వారికి ఏఈ అనీ, పసిఫిక్ వైపు వారికి ఏపీ అనీ రాస్తారు. (మనకు ఏపీ అంటే ఇంకో ఊహ వస్తుంది, ఏం చేస్తాం!) అందువల్ల దేశంలోపలి టపా ఖర్చుకే పొట్లం సముద్రం దాటుతుంది. పూర్వం సియర్స్ కేటలాగు చూసి తెప్పించుకున్నవాళ్లే ఇవాళ అమెజాన్‌లో తెప్పించుకుంటున్నారు. కొట్టుకు అసలైన పోటీ ఇదే.

గోడకు అటూ ఇటూ ధరలో అంత తేడా ఉంటే సరుకు ఊరికే ఉండదు. బీటల్లోంచి నీరు కారినట్టు కారుతుంది. యుద్ధం ముగిసిన కొత్తల్లో బెర్లిన్‌లో డబ్బుకు విలువ లేదు, అమెరికన్ సిగరెట్టే డబ్బు. పీఎక్స్‌లో చిల్లరకు కొన్న సిగరెట్ పెట్టెతో కెమెరాలు, గడియారాలు చేతులు మారాయి. కొందరు సైనికులు తమ జీతం కంటే ఎక్కువ డబ్బు ఇంటికి పంపుతున్నారని ఖజానా అధికారులు గుర్తించేదాకా వెళ్లింది వ్యవహారం. 1946లో దానికి మందుగా సైన్యం తన సొంత నోట్లు అచ్చువేసింది. ఐదు సెంట్లకు కూడా కాగితమే. స్థావరంలో తప్ప ఎక్కడా చెల్లవు. బయటివాళ్ల చేతుల్లో ఇవి పోగుపడ్డాయని అనుమానం రాగానే ఏ ముందస్తు హెచ్చరికా లేకుండా ఒక పొద్దున గేట్లు మూసేసి, లోపలున్న సైనికుల పాత నోట్లకు కొత్త రంగు నోట్లిచ్చేవారు. బయట మిగిలినవి చిత్తుకాగితాలు. 2016 నవంబరులో నోట్ల రద్దు రాత్రి గుర్తున్న మనకు ఆ గేటు బయట నిలబడ్డవాడి మొహం ఊహించుకోవడం కష్టం కాదు. వియత్నాం యుద్ధం నుంచి అమెరికా తప్పుకున్న 1973 దాకా ఆ నోట్లు నడిచాయి.

కొరియాలో ఈ కారడం వంటింటి దాకా వెళ్లింది. 1950–53 యుద్ధం తర్వాత అక్కడ మాంసం కంటికి కనబడని రోజులు. అమెరికన్ స్థావరాల్లో స్పామ్ అనే మాంసం డబ్బాలు, సాసేజీలు, హామ్. కొన్ని వంటశాల మిగులుగా, కొన్ని పీఎక్స్‌లోంచి దొంగచాటుగా బయటికి వచ్చేవి. సియోల్‌లోని నామ్‌దెమున్ సంతలో విదేశీ సరుకు అమ్మే భాగానికి దయ్యాల సంత అనే పేరే పడింది. ఆ మాంసం ముక్కలను కిమ్చీ ఊరగాయ, ఎర్ర మిరపముద్ద వేసి ఉడికించి పులుసు చేశారు. దాని పేరు బుదే జిగే. బుదే అంటే పటాలం, జిగే అంటే పులుసు. పేరులోనే పుట్టుక ఉంది. 1966లో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వచ్చివెళ్లాక సియోల్‌లో కొందరు దాన్ని జాన్సన్ పులుసు అన్నారు. 1972 దాకా అమెరికా పాలనలో ఉన్న ఒకినావాలోనూ ఇంతే. అక్కడి కాకరకాయ వేపుడులో స్పామ్ చేరి, ఇక పోలేదు.

కొరియా ధనిక దేశమయ్యాక స్పామ్‌ను దొంగచాటుగా కొనాల్సిన అవసరం పోయింది. 1987 నుంచి అక్కడి కంపెనీయే దాన్ని లైసెన్సు మీద తయారు చేస్తోంది. ఇప్పుడు చూసోక్ పండక్కి చుట్టాలకు పెట్టెల్లో సర్దిన స్పామ్ డబ్బాలు కానుకగా పంపుకుంటారు. సియోల్‌కు ఉత్తరాన ఉన్న ఉయిజాంగ్‌బు పట్టణం బుదే జిగేకి పుట్టిల్లంటారు. అమెరికా సైన్యం దక్షిణాన ప్యాంగ్‌టేక్‌లోని పెద్ద స్థావరానికి తరలిపోయే క్రమంలో, 2018లో ఉయిజాంగ్‌బులోని క్యాంప్ రెడ్ క్లౌడ్ కూడా మూతపడింది. పులుసు హోటళ్లు వరసగా ఉన్న వీధి మాత్రం అక్కడే ఉంది. ఇప్పుడా హోటళ్లకు డబ్బాలు పన్ను కట్టిన బిల్లుతో వస్తున్నాయి.